ఎనిమిదేళ్ల పిల్ల జపనీస్

లిఫ్టులో కాగితాలు అంటించరాదని లిఫ్టు గోడ మీదే రాసి ఉంది. సరిగ్గా ఆ రాత కిందే చిలక తన కాగితం అంటించింది. 'జపనీస్ నేర్పబడును. అనుభవం గల టీచర్. ఐదో అంతస్తు, ఎడమవైపు తలుపు' అని ఎర్ర ఇంకుతో రాసింది. పై మూల కాస్త వంకర వచ్చిందని ఒకసారి పీకి మళ్లీ అంటించింది. ఇంట్లోకి వచ్చి కూర్చుందన్న మాటే గాని, మనసు ఆ లిఫ్టుతో పాటు కిందికీ పైకీ తిరుగుతూనే ఉంది.

'అనుభవం గల' దగ్గర మాత్రం పెన్ను కొంచెం తడబడింది. జపనీస్ రాకేం, ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు. చిన్నప్పుడంతా ఆ దేశంలోనే ఉన్నారు. అమ్మ ల్యాబులో ఉద్యోగానికి వెళితే తను పక్కింటి బామ్మ దగ్గర ఉండేది. రెండు భాషల్లోనూ గలగలా వాగుతుందనే చిలక అన్న పేరు వచ్చింది. ఇప్పుడు యూనివర్సిటీలో రెండో సంవత్సరం. లేనిదల్లా ఒకరికి నేర్పిన అనుభవమే.

"ఎవరొస్తారే నీ దగ్గరికి?" అంది అమ్మమ్మ. "పక్కింటివాళ్లు ఏమంటున్నారో వినడానికే జనానికి తీరిక లేదు. సముద్రాల అవతల వాళ్లేం మాట్లాడుకుంటే ఎవరిక్కావాలి?"

ఆ మాట ముగియకముందే తలుపు గంట మోగింది.

గుమ్మంలో లిఫ్టు మెకానిక్ నిలబడి ఉన్నాడు. నెలనెలా సర్వీసింగుకు వచ్చే ఆయనే. నలభై దాటిన మనిషి. మోచేతుల దాకా గ్రీజు, జేబులో పొడుగాటి స్క్రూడ్రైవరు. చేతిలో చిలక అంటించిన కాగితం.

"ఇది అంటించింది ఈ ఇంట్లోవాళ్లేనా?"

"సారీ అండీ. తప్పయిపోయింది. ఇప్పుడే వెళ్లి తీసేస్తాను."

"తీసేసి తెచ్చాను కదమ్మా."

"ఇంకెప్పుడూ అంటించనండీ."

"అంటించొద్దు. ఇంకెవరైనా చూశారంటే ఆ టీచరుగారికి ఖాళీ ఉండదు. అందుకే పీకేశాను." ఆయన చిలక భుజం మీదుగా లోపలికి చూశాడు. "ఉన్నారా ఆవిడ? పిలుస్తారా?"

"నేనేనండీ."

ఆయన ఒకసారి చిలకనీ, ఒకసారి కాగితాన్నీ చూశాడు. "కళ్లజోడు పెట్టుకుని పెద్దావిడ ఎవరో ఉంటారనుకున్నాను."

"కళ్లజోడు నాకుంది నాయనా, భాష దానికుంది," అంది అమ్మమ్మ లోపల్నుంచి. "ఇద్దరం కలిస్తే నువ్వనుకున్న టీచరమ్మే. రా, కూర్చో."

బట్టల గ్రీజు అంటుతుందని ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. టీ కప్పు కింద చేతిరుమాలు పరుచుకుని సంగతి చెప్పాడు. వాళ్ల కంపెనీకి కొత్త రకం లిఫ్టులు వస్తున్నాయి. వచ్చే నెలాఖరుకి జపాన్ నుంచి పెద్ద ఇంజనీరు వచ్చి కొందరిని ఏరుకుంటాడు. వాళ్లని ఆర్నెల్లు అక్కడికి తీసుకెళ్లి పని నేర్పుతారు. కాస్తో కూస్తో మాట తెలిసిన వాళ్లకే ఆ అవకాశం.

"కుర్రాళ్లందర్నీ కంపెనీయే ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించింది. నన్ను వదిలేసింది. నీకెందుకయ్యా, నీకు నోరు తిరగదు, పైగా అక్కడ ఇంగ్లీషులో చెబుతారు అన్నాడు సూపర్‌వైజరు. ఆ కుర్రాళ్లలో సగం మందికి స్పానరు పట్టుకోవడం నేర్పింది నేనే." ఆ మాటలో కోపం లేదు. దెబ్బ తగిలిన చోటు చూపించినట్టుగా చెప్పాడు. "కొత్తవి వచ్చాక పాత మిషన్లు పోతాయి. అప్పుడిక నా చేతిలో మిగిలేది తలుపులు తుడిచే గుడ్డే. ఇంటర్వ్యూకి రావద్దని మాత్రం అనలేదు. వస్తే వద్దువుగాని అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని తిరుగుతున్నాను టీచరమ్మా."

టీచరమ్మా! చిలకకు కాళ్లు నేల మీద ఆనలేదు.

"ఎప్పుడు మొదలుపెడదాం బాబాయ్‌గారూ?"

"మీ లిఫ్టు ఆపి వచ్చాను. అది మళ్లీ నడిపించి వస్తా. ఇవాళే."

ఆ నెల ఎలా గడిచిందో చిలకకే తెలియదు. సాయంత్రం క్లాసులు అయ్యీ అవగానే పరుగున ఇంటికి వచ్చేది. ఆయన అప్పటికే చేతులు కడుక్కుని, గోళ్లలో మిగిలిన నలుపు కనబడకుండా పిడికిళ్లు ముడుచుకుని బల్ల దగ్గర కూర్చుని ఉండేవాడు.

మొదటి రోజే ఇద్దరికీ లంకెబిందెలు దొరికినట్టయింది. ఆయన కోసం చిలక ఒక వాక్యం ముక్కలు చేసి చెప్పింది. నేను, లిఫ్టు, బాగుచేస్తాను. అతాషి, ఎరెబేతా, నావొసు. ఆయన వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు.

"ఏమీ తారుమారు కాలేదేం?"

"కాదు బాబాయ్‌గారూ. మనం ఎలా అంటామో వాళ్లూ అలాగే అంటారు. పని మాట చివర్లో వస్తుంది."

"కుర్రాళ్లు తలకిందులుగా చెప్పాలి, తల తిరిగిపోతోంది అంటున్నారే!"

"వాళ్లు ఇంగ్లీషు మీదుగా వెళ్తున్నారు. రెండు బస్సులు మారాలి. మనకి ఒకటే బస్సు."

తర్వాత ఆమె 'తాబెతె మిరు' చెప్పింది. తాబెతె అంటే తిని. మిరు అంటే చూడటం. రెండూ కలిస్తే తిని చూడటం. మెకానిక్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. "తినేది నోరైతే చూడటమెందుకూ అని వాళ్లకీ తోచలేదన్నమాట! ఇది మన మాటే టీచరమ్మా, వేషం మార్చుకుని వచ్చింది." అమ్మమ్మ వంటింట్లోంచి బిస్కెట్ల పళ్లెం తెచ్చి పెట్టి, "అయితే ఇవి తాబెతె మిరు," అంది. ఆ పూట ముగ్గురూ నవ్విన నవ్వుకి పక్కవాళ్లు తలుపు తీసి చూశారు.

బోల్టు బిగించినట్టు నేర్చుకునేవాడాయన. ఒక మాటను పావు తిప్పు తిప్పి ఆగేవాడు. సరిగ్గా కూర్చుందో లేదో చిలక మొహంలో చూసుకుని ఇంకో పావు తిప్పేవాడు. ఒకసారి బిగిసిందంటే ఇక ఊడేది కాదు. నెలాఖరుకల్లా ఆయన గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే, కళ్లు మూసుకుని వింటున్న చిలకకు తన మాటే తనకి వినిపించినట్టుండేది. మంచి టీచరుకి ఇంతకన్నా గుర్తేం కావాలి అనుకుని మురిసిపోయింది.

ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ఆయన గుమ్మంలోంచే కేకేశాడు.

"టీచరమ్మా, ఇవాళ పరీక్ష రాసి వచ్చా! పెద్ద హోటల్లో లిఫ్టు చూస్తుంటే జపాన్ వాళ్లు ఎక్కారు, భార్యాభర్తలు. వదుల్తానా? అతాషి నే, ఎరెబేతా నావొసు నో అన్నాను."

"అర్థమైందా వాళ్లకి?" చిలక కుర్చీలోంచి లేచిపోయింది.

"అర్థం కాకపోతే అంత నవ్వుతారా? ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆయనైతే పాపం మొహం అటు తిప్పుకున్నాడు, ఆనందం పట్టలేక. దిగేటప్పుడు ఆవిడ ఏదో అంది, గుర్తు పెట్టుకున్నా. కవాయీ. అంటే బాగా మాట్లాడావనేగా?"

చిలక మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. కవాయీ అంటే ముద్దుగా ఉందని. మీసాలున్న మెకానిక్‌ని చూసి ఎవరూ అనే మాట కాదది. ఆయన అన్న వాక్యాన్ని మనసులో మళ్లీ పలికించుకుంది. అతాషి నే. నావొసు నో. ఆ గొంతు తెలిసిందే. పక్కింటి బామ్మ చెయ్యి పట్టుకుని, నేనూ, నేనూ, నేను చేస్తానుగా అని గునిసే ఎనిమిదేళ్ల పిల్ల గొంతు. ఆ పిల్ల ఎప్పుడూ ఇంజనీర్లతో మాట్లాడలేదు. పెద్దమనుషులతో ఎలా మాట్లాడాలో నేర్చుకునే వయసు రాకముందే విమానం ఎక్కేసింది. తనకు వచ్చిన జపనీస్ అంతా అదే. నెల రోజులుగా ఆ మనిషిలోకి బిగించిందీ అదే.

"అవును బాబాయ్‌గారూ, బాగుందన్నారు," అంది. ఆయన వెళ్లాక బల్ల మీదికి తల వాల్చేసింది.

అమ్మమ్మకు సంగతంతా చెప్పింది. పక్కింటి బామ్మ పేరెత్తితే ఏదో ఒక విసురు విసిరే మనిషి, ఆ రోజు మాత్రం, "ఆవిడ నిన్ను ముద్దు చేసింది గాని ఉద్యోగానికి పంపడానికి పెంచలేదు కదే. ఆవిడ తప్పేముంది? వెళ్లి చెప్పు ఆయనకి. ఇంటర్వ్యూలో తెలియడం కన్నా నీ నోటితో తెలియడం మేలు," అంది.

మర్నాడు పొద్దున ఆయన చిలక వాళ్ల మేడ మీదే, లిఫ్టు మిషన్ రూములో ఉన్నాడు. చిలక మెట్లెక్కి వెళ్లింది. చిన్న గది, వెచ్చని నూనె వాసన, నడుమ పెద్ద చక్రం మీద ఇనప తాళ్లు. ఆయన స్క్రూడ్రైవరు మొనను మిషనుకి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు. డాక్టరు గుండె చూసినట్టు.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తన చెప్పుల వంకే చూసింది.

"అంటే," అన్నాడాయన మెల్లగా, "నేనిన్నాళ్లూ ఆడపిల్లలా మాట్లాడుతున్నానా?"

"అంటే... చిన్నపిల్లలా. ఎనిమిదేళ్ల ఆడపిల్లలా."

చక్రం ఒకసారి తిరిగి ఆగింది. కింద ఎవరో లిఫ్టు దిగారు. ఆయన గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఆ కుర్రాళ్ల ముందు అని ఉంటే నా పని ఏమయ్యేది?" అన్నాడు. మరుక్షణం ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని చిలక హడలిపోయింది. ఆయన నవ్వుతున్నాడు. "పాపం ఆయన! గోడవైపు తిరిగి... ఆనందం పట్టలేక అనుకున్నాను నేను!"

నవ్వు తగ్గాక అడిగాడు. "మరి మర్యాద మాట అసలు తెలీదా మీకు?"

"బళ్లో మాస్టారుతో మాట్లాడిన మేరకు తెలుసు. పెద్ద పెద్ద మర్యాదలు రావు."

"మాస్టారుతో మాట్లాడినట్టే మాట్లాడదాం. రాకి రండి, పోకి పొండి. అండీ తగిలించడమే కదా?"

"అంతే. మాట చివర మాస్ తగిలించాలి. నావొసు కాదు, నావొషిమాస్. అతాషి కాదు, వతాషి. పిల్లలు గారాంగా మాట చివర తగిలించే ఆ నోలు, మోన్‌లు పూర్తిగా మర్చిపోవాలి."

అక్కడే నిలబడి మొదలుపెట్టారు. ఆయన ఒక్కో బోల్టూ సరిచూస్తూ ఒక్కో మాటకీ మాస్ బిగించాడు. ఉత్సాహంలో 'టీచరమ్మా, ఆ డబ్బా ఇటివ్వుమాస్' అని కూడా అన్నాడు. ఇంతలో లిఫ్టు కదిలింది. కిందెక్కడో సన్నగా చప్పుడైంది.

"గిషిగిషి అంటోంది," అంది చిలక, ఆలోచించకుండానే.

మెకానిక్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఏమన్నారు?"

"ఆ చప్పుడు. జపనీస్‌లో అలా అంటాం."

"కిర్రుకిర్రు అన్నమాట! మరి గరగర?"

"గారిగారి."

"లొడలొడ? వదులైపోయి కొట్టుకుంటే?"

"గాతగాత. దొర్లుతున్నట్టుంటే గొరొగొరొ."

ఆయన కళ్లు మతాబుల్లా వెలిగాయి. "ఇవి నేర్చుకోవడమెందుకు టీచరమ్మా, చెవిలో ఉన్నవే!" గది నాలుగు మూలలా తిరిగి ఒక్కో ఇనపముక్కనీ కదిపి దాని పేరు పలికాడు. చిలకకు నవ్వాగలేదు. అంతలోనే పక్కింటి బామ్మ పాత తలుపును గిషిగిషిమని ఊపుతూ ఆడుకున్న సంగతి గుర్తొచ్చి, నవ్వు దిగమింగుకుంది.

"ఇవి కూడా పిల్లల మాటలే బాబాయ్‌గారూ. అక్కడ అనకండి. ఒక్కటి కూడా."

ఆయన మొహం కాస్త చిన్నబోయింది. "మీరు వద్దంటే అనను," అన్నాడు.

ఇంటర్వ్యూ కంపెనీ ట్రైనింగ్ షెడ్డులో. తోడు రమ్మని ఆయన బతిమాలితే చిలక వెళ్లింది. షెడ్డు నడుమ తలుపులూ గోడలూ విప్పేసిన లిఫ్టు ఒకటి, ఎముకలు కనిపిస్తూ నిలబడి ఉంది. దాని ముందు కుర్చీలో జపాన్ ఇంజనీరు. తెల్లజుట్టు, సన్నటి మనిషి. పక్కన మాటలు తర్జుమా చేసేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఇంజనీరుకి పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండటం చిలక చూసింది.

"ఎవరమ్మా నువ్వు?" సూపర్‌వైజరు అడ్డం వచ్చాడు.

"వీరి టీచర్నండీ."

"టీచరా!" ఆయన మెకానిక్ వంక తిరిగాడు. "ఏమయ్యా, నీ కూతురి వయసు కూడా ఉండదు కదయ్యా! సరే, ఆ తలుపు దగ్గర నిలబడు. మధ్యలో నోరెత్తకు."

కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. చక్కగా వంగి నమస్కరించి, తమ గురించి ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పిన మాటలు తడబడకుండా చెప్పారు. ఎంత నిండుగా ఉన్నాయో ఆ మాటలు! అందులో సగం చిలకకే తెలియవు. ఇంజనీరు ఒక్కొక్కరికీ తలూపి, లిఫ్టు నడిపించి ఏదో చిన్న ప్రశ్న వేస్తున్నాడు. అక్కడ మాత్రం అందరూ తర్జుమా మనిషి వంక చూస్తున్నారు.

చివర్న మెకానిక్ వంతు వచ్చింది. వతాషి అన్నాడు. మాస్ అన్నాడు. తప్పు పోలేదు. ఇంజనీరు తలూపి మీట నొక్కాడు. లిఫ్టు పైకి కదిలింది. ఎక్కడో సన్నటి చప్పుడు. ఏమిటిది అన్నట్టు ఇంజనీరు చెయ్యి తిప్పాడు.

మెకానిక్ స్క్రూడ్రైవరు తీసి, మొన లిఫ్టు నడిచే ఇనప పట్టాకి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కళ్లు తెరిచి తలుపు వైపు చూశాడు.

"రాకపోతే తెలుగులో చెప్పేసెయ్యవయ్యా," అన్నాడు సూపర్‌వైజరు.

రాక కాదు. చిలకకు తెలుసు. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. తను వద్దన్నదని పళ్ల మధ్య నొక్కి పట్టుకున్నాడు. నెల రోజులు నేర్పి, ఆయన చెవిలో పుట్టినప్పటి నుంచీ ఉన్న మాటను కూడా తనే తీసేసుకుంది. ఆమెకు చెంపలు మండాయి. పరువు పోతే పోయింది అనుకుని, అనండి అన్నట్టు గట్టిగా తలూపింది.

"గారిగారి జానాకుతే," అన్నాడు మెకానిక్. గరగర కాదండీ. "గిషిగిషి దేస్." కిర్రుకిర్రండీ.

ఇంజనీరు తల చటుక్కున లేచింది. కుర్చీలోంచి లేచి, జేబులోని స్క్రూడ్రైవరు తీసి, పట్టాకి రెండోవైపు ఆనించి తనూ చెవి పెట్టాడు. ఇద్దరూ ఒక ఇనపకడ్డీకి అటూ ఇటూ కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"ఉయె?" అన్నాడు ఇంజనీరు. పైనా?

"ఉయె దేస్. గైడ్ షూ."

పట్టాని పట్టుకుని జారే ఆ ముక్క పేరు రెండు దేశాల్లోనూ ఒకటే కావడంతో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇంజనీరు తొందరతొందరగా అడిగాడు. గాతగాత ఉందా? గొరొగొరొ? అవి పిల్లల మాటలు అనుకున్న చిలక నోరు తెరుచుకుని వింటోంది. ఆ పెద్దమనిషి నోట, పని నడుమ, అవి ఎంత పెద్ద మాటలో!

మెకానిక్‌కు ఊపొచ్చేసింది. మాస్ మర్చిపోయాడు. "గాతగాత వా నాయ్ మోన్!" అన్నాడు. లొడలొడ లేనే లేదుగా, పో! అన్నట్టు.

ఇంజనీరు దగ్గుతున్నట్టు పిడికిలి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు కాదది. కాసేపటికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఎవరు నేర్పారని అడిగాడు. మెకానిక్ తలుపు వైపు చెయ్యి చాపి, నిటారుగా నిలబడి, "సెన్సే," అన్నాడు. మా టీచరుగారు.

అందరూ తిరిగి చూశారు. ఇంజనీరు ఆమె దగ్గరికి వచ్చి మెత్తగా అడిగాడు. "దొకొ దె ఒబొయెతా నో?" ఎక్కడ నేర్చుకున్నావమ్మా?

చివరి ఆ 'నో'. ఆ లాలింపుతో తనను ఎవరూ ఏదీ అడిగి ఎన్నేళ్లయిందో. చిలక మాస్ కోసం వెతుక్కుంది. దొరకలేదు. "తొనారి నో ఒబాచాన్," అంది. పక్కింటి బామ్మ దగ్గర.

ఆయన అర్థమైనట్టు తల పంకించి, వెళ్లి మెకానిక్ భుజం తట్టి, స్క్రూడ్రైవరుతో పైకి చూపించాడు. ఇద్దరూ లిఫ్టు పైకప్పు ఎక్కారు. తర్జుమా మనిషి కిందనే ఉండిపోయాడు. పైనుంచి ఒకటే గిషిగిషి, గారిగారి, నడుమ నడుమ నవ్వులు.

వాళ్లు దిగాక సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "పాస్‌పోర్టు ఉందటయ్యా నీకు?"

"లేదండీ."

"మరి నిలబడి చూస్తావేం? చేయించుకో."

ఆ సాయంత్రం మెకానిక్ ఒక స్టీలు ఫ్రేమూ నాలుగు స్క్రూలూ పట్టుకుని వచ్చాడు. "అంటించకూడదని రాసుంది గానీ, బిగించకూడదని ఎక్కడా లేదు టీచరమ్మా. మీ సెక్రటరీ గారిని కూడా అడిగా." చిలక కొత్త కాగితం రాసిచ్చింది. 'జపనీస్ నేర్పుతాను. ఎనిమిదేళ్ల పిల్ల మాట్లాడేంత వచ్చు. మిగతాది కలిసి నేర్చుకుందాం.'

"ఉన్నదంతా ఇలా రాసేస్తే ఎవరొస్తారే?" అంది అమ్మమ్మ. తను కూడా లిఫ్టులోకి వచ్చి, ఫ్రేము వంకర పోకుండా ఓ చెయ్యి పట్టింది.

మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఆవిడ ఒకరు ఎక్కి, కాగితం చదివి, కనుబొమలు ఎగరేసింది. "ఎనిమిదేళ్ల పిల్ల మాటలు పెద్దవాళ్లకేం పనికొస్తాయండీ?"

మెకానిక్ వెనక్కి తిరగలేదు. ఆఖరి స్క్రూని పావు తిప్పు తిప్పి ఆగాడు. సరిగ్గా కూర్చుందని చూసుకున్నాడు.

"పనికొస్తాయి మోన్," అన్నాడు.